ప్లగ్గు పట్టింది సరే, వోల్టేజీ చూశారా?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావాటిలో ఒకటే బెంగ. పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లే అమ్మానాన్నలు, గల్ఫ్‌లో పనిచేసేవాళ్లు, పై చదువులకు బయల్దేరుతున్న పిల్లలు, అందరూ విదేశాల్లో చార్జింగ్ గురించే అడిగారు. అందుకని ఈ నెల శీర్షిక మొత్తం దానికే ఇచ్చేశాం.

ప్రశ్న: అయ్యా, మా అమ్మాయికి డాలస్‌లో పురుడు. వచ్చే నెల నేనూ మావారూ వెళ్తున్నాం, ఆరు నెలలు ఉంటాం. మా రెండు ఫోన్లు, ఆయన చెవి మిషన్ చార్జర్, బీపీ మిషన్, గడ్డం ట్రిమ్మర్ తీసుకెళ్లాలి. మిక్సీ కూడా పట్టుకెళ్దామని ఉంది. అక్కడ కరెంటు వేరు, కన్వర్టర్ లేకపోతే అన్నీ కాలిపోతాయని పక్కింటావిడ అంటోంది. షాపులో అడిగితే అరచేతిలో పట్టే డబ్బా ఒకటి చూపించి, ఇది పెడితే ఏదైనా పనిచేస్తుందన్నాడు. కొనమంటారా?
ఒక గృహిణి, తణుకు

జవాబు: ఇప్పుడే కొనకండమ్మా. ముందు పట్టుకెళ్లాలనుకున్న చార్జర్లన్నీ మంచం మీద పరవండి. ఒక్కోదాని మీద చీమల్లాంటి చిన్న అక్షరాలు ఉంటాయి, కళ్లజోడు పెట్టుకున్నా కనబడకపోతే ఫోనుతో ఫొటో తీసి పెద్దది చేసి చూడండి. ఇంగ్లిష్‌లో ఇన్‌పుట్ అన్న మాట వెతకండి. దాని పక్కన 100-240 అనీ, ఆ తర్వాత 50/60 అనీ ఉంటే ఆ చార్జర్‌కి అమెరికా అయినా తణుకు అయినా ఒకటే. మన ఇళ్లకు వచ్చేది 230 వోల్టులు, 50 హెర్ట్జ్. అమెరికాలో 120 వోల్టులు, 60 హెర్ట్జ్. ఇప్పటి ఫోను చార్జర్లు, ల్యాప్‌టాప్ చార్జర్లు దాదాపు అన్నీ ఈ తేడాను లోపలే సర్దుకునేలా తయారవుతున్నాయి. వాటికి కన్వర్టర్ అక్కర్లేదు. పిన్ను ఆకారం మాత్రం మారాలి, ఎందుకంటే మనవి గుండ్రటి పిన్నులు, అక్కడి సాకెట్టుకి పలచటి రెండు బద్దల్లాంటి పిన్నులు కావాలి.

ఇక్కడే అందరూ పొరబడేది. అడాప్టర్ వేరు, కన్వర్టర్ వేరు. అడాప్టర్ పిన్ను ఆకారాన్ని మారుస్తుంది, వోల్టేజీ జోలికి పోదు. వోల్టేజీని మార్చేది కన్వర్టర్. గోడలో 120 ఉంటే దాని అవతల కూడా 120 వస్తుంది. షాపువాడు చూపించిన డబ్బా చాలావరకు అడాప్టరే అయ్యుంటుంది, దాంతో 'ఏదైనా పనిచేస్తుంది' అనడం తప్పు. చేతిలో పట్టేంత చిన్నగా ఉండి వందల వాట్లు మోస్తాయని చెప్పే కన్వర్టర్లు కూడా కొన్ని దొరుకుతాయి. అవి ఇస్త్రీ పెట్టె, హీటరు లాంటి వేడిచేసే వస్తువుల కోసం చేసినవి. చెవి మిషన్ చార్జర్‌ని పొరపాటున కూడా వాటికి తగిలించకండి, చెడిపోతుంది.

మీ పక్కింటావిడ చెప్పినదాంట్లో భయం నిజమే కానీ దిక్కు తారుమారైంది. మన వస్తువు అక్కడికి వెళ్తే దానికి అందే వోల్టేజీ సగం, కాబట్టి మామూలుగా కాలిపోదు, సరిగ్గా పనిచేయదు అంతే. నీళ్లు కాచే రాడ్డు ఇక్కడ 1000 వాట్లు ఇస్తుంటే అక్కడ సుమారు 270 ఇస్తుంది. బకెట్ నీళ్లు ఎంతసేపటికీ కాగవు. మోటారు ఉన్నవాటితో మాత్రం జాగ్రత్త, తిరగలేక మూలుగుతూ వేడెక్కుతాయి. మీ మిక్సీ సంగతి అదే. మన మిక్సీ మీద 230 వోల్టులు, 750 వాట్లు అని ఉంటుంది, దాన్ని అక్కడ నడపాలంటే కనీసం దానికి రెట్టింపు సామర్థ్యం ఉన్న ట్రాన్స్‌ఫార్మర్ కావాలి, దాని బరువుకి మీ పచ్చళ్ల సీసాలన్నీ సూట్‌కేసులోంచి తీసేయాలి. దాని బదులు అమెరికా కోసం చేసిన, 110 వోల్టులు అని రాసి ఉండే మోడల్ అడగండి. ఇండియన్ కంపెనీలే చేస్తాయి, అమెరికాలో ఇండియన్ స్టోర్లలో దొరుకుతాయి.

బీపీ మిషన్‌కి నాలుగు పెన్సిల్ సెల్స్ వేసుకోండి, చార్జర్ గొడవే ఉండదు. ట్రిమ్మర్ యూఎస్‌బీ కేబుల్‌తో ఎక్కేదైతే పట్టుకెళ్లండి, నేరుగా గోడకి గుచ్చేదై 220-240 అని మాత్రమే రాసి ఉంటే ఇంట్లో వదిలేయండి. చెవి మిషన్ చార్జర్‌ని మాత్రం నిదానంగా చూడండి. చాలావాటికి యూఎస్‌బీ కేబుల్ ఉంటుంది, అలాంటిదైతే ఫోను చార్జర్‌తోనే ఎక్కుతుంది. దాన్ని చేతిసంచిలో పెట్టుకోండి, చెక్ ఇన్ సామాను ఎక్కడైనా ఆగిపోతే ఆయన ఆ రెండు మూడు రోజులు ఎవరి మాటా వినలేక ఇబ్బంది పడతారు.

మందులకు సంబంధించిన మిషన్ ఏదున్నా ఇదే సంగతి. మా అమ్మ ఉబ్బసానికి నెబ్యులైజర్ వాడేది. మొదటిసారి అట్లాంటాలో అక్క వాళ్లింటికి వెళ్లినప్పుడు ఇక్కడి నెబ్యులైజర్‌నే పట్టుకెళ్లింది, పిన్ను మార్చే అడాప్టర్ కూడా కొని ఇచ్చాం. దాని మీద 230 అని మాత్రమే ఉందని మాలో ఎవరమూ చూడలేదు. అవసరపడ్డ రాత్రి స్విచ్ వేస్తే చప్పుడే తప్ప పొగ రాలేదు, ఎమర్జెన్సీకి తీసుకెళ్లాల్సి వచ్చింది. చదువుకున్న నలుగురం ఉండి ఆ ఒక్క లైను చదవలేదన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను. నెబ్యులైజర్, రాత్రి నిద్రలో గాలి అందించే సీపాప్ లాంటివి ఉంటే ఆ అంకెలు చూసి, తేడా ఉంటే అక్కడి వోల్టేజీకి పనిచేసేదాన్ని మీరు దిగేలోపే అమ్మాయి చేత తెప్పించి పెట్టించుకోండి.

కొనాల్సింది ఏమిటంటే, ఇక్కడ పెద్దగా ఏమీ వద్దు. ఫోను కేబుల్స్ పట్టుకెళ్లండి, యూఎల్ అనో ఈటీఎల్ అనో భద్రతా పరీక్ష గుర్తు ఉన్న రెండు చార్జర్లు అమ్మాయిని అక్కడ కొని ఉంచమనండి. దారిలో ఎయిర్‌పోర్టులో అవసరానికి చిన్న అడాప్టర్ ఒక్కటి సరిపోతుంది.

ప్రశ్న: ఒహాయోలో మా అబ్బాయి దగ్గర ఉన్నాను. రాత్రి పడుకునే ముందు ఫోను చార్జింగ్ పెడతాను, పొద్దున లేచి చూస్తే అలాగే ఉంటుంది. పగలు అదే చార్జర్ హాల్లో బాగానే ఎక్కుతోంది. బాత్రూములో పాయింటు కూడా ఉన్నట్టుండి ఆగిపోయింది. పిల్లలు ఆఫీసు హడావిడిలో ఉంటారు, ప్రతిదానికీ అడగాలంటే మొహమాటంగా ఉంది.
ఒక రిటైర్డ్ టీచరు, హనుమకొండ

జవాబు: మాస్టారూ, మీ చార్జర్ బాగానే ఉంది. అమెరికా ఇళ్లల్లో పడకగదుల్లో, హాళ్లలో కొన్ని ప్లగ్ పాయింట్లకు తలుపు పక్కన ఉండే గోడ స్విచ్చుతో కనెక్షన్ ఇస్తారు, టేబుల్ లైటు దానికి పెట్టుకుని గదిలోకి రాగానే వెలిగించుకోవడానికి. మన దగ్గర ప్రతి పాయింటు పక్కనే దాని స్విచ్ ఉంటుంది కాబట్టి ఇది తట్టదు. మీరు పడుకోబోతూ లైటు ఆపేస్తున్నారు, దాంతోపాటే ఫోనుకి వచ్చే కరెంటూ ఆగిపోతోంది. ఒక్కోసారి ఒకే సాకెట్టులో పై సగం స్విచ్చుకి, కింది సగం నేరుగా కరెంటుకి ఉంటుంది, అందుకని రెండోదాంట్లో పెట్టి చూడండి.

బాత్రూములో, వంటింట్లో ఉండే సాకెట్టు మధ్యలో రెండు చిన్న బటన్లు ఉంటాయి, టెస్ట్ అనీ రీసెట్ అనీ. తడి చేత్తో ముట్టుకున్నా ఎక్కడైనా కరెంటు లీకైనా అది క్షణంలో ఆపేసి మనిషిని కాపాడుతుంది. రీసెట్ నొక్కండి, వచ్చేస్తుంది. మళ్లీ మళ్లీ ఆగిపోతుంటే మాత్రం అబ్బాయికి చెప్పండి, అందులో మొహమాటం వద్దు.

హోటల్లో ఇబ్బంది ఇంకోరకం. తలుపు దగ్గర గాడిలో కార్డు పెడితేనే గదిలో కరెంటు ఉంటుంది, కార్డు తీసుకుని టిఫినుకి వెళ్తే చార్జింగ్ ఆగిపోతుంది.

ప్రశ్న: అన్నా, మాది జగిత్యాల జిల్లా. దుబాయ్‌లో క్యాంపులో ఎనిమిది మందిమి ఒక రూములో ఉంటాం. ఇంటి నుంచి తెచ్చుకున్న టూ పిన్ చార్జర్లు ఇక్కడి సాకెట్టుకి దూరవు. పై బొక్కలో పెన్ను పెట్టి నొక్కితే దూరుతాయి, అందరం అట్లనే పెడతాం. మొన్న ఒక చార్జర్ దగ్గర కాలిన వాసన వచ్చింది. రూములో ఉన్న ఒక్క ఎక్స్‌టెన్షన్ బాక్స్ మీదనే రైస్ కుక్కర్, కెటిల్, ఫోన్లు అన్నీ నడుస్తాయి. ఏమన్నా ప్రమాదమా?
మీ పాఠకుడు, దుబాయ్

జవాబు: ప్రమాదమే తమ్ముడూ. ఈ ఉత్తరం మీ రూములో అందరికీ చదివి వినిపించు.

గల్ఫ్ దేశాల్లో, సింగపూర్‌లో, మలేషియాలో ఎక్కువగా ఉండేది బ్రిటన్ పద్ధతి సాకెట్టు, మూడు నలుపలకల బొక్కలు. పైన ఉన్నది ఎర్త్‌ది. ఎర్త్ పిన్ను లోపలికి వెళ్తేనే కింద రెండు బొక్కలకు ఉన్న చిన్న తలుపులు తెరుచుకుంటాయి. పిల్లలు మేకులు, చెంచాలు దూర్చకుండా ఉండటానికి చేసిన ఏర్పాటు అది. పెన్ను పెట్టి మనం తెరుస్తున్నది ఆ తలుపునే. పెన్ను రీఫిల్‌లో, క్లిప్పులో ఇనుము ఉంటుంది, చెయ్యి జారి అది ఫేజ్‌కి తగిలితే 230 వోల్టులు మనిషిలోంచి పోతాయి. ఇంకో నష్టం ఏమిటంటే మన గుండ్రటి సన్న పిన్నులు ఆ నలుపలకల బొక్కల్లో వదులుగా కూర్చుంటాయి. వదులుగా ఉన్నచోట సన్నగా నిప్పురవ్వలు లేస్తాయి, వేడి పుడుతుంది, ప్లాస్టిక్ కరుగుతుంది. నీకు వచ్చిన వాసన అదే. ఆ చార్జర్‌నీ ఆ సాకెట్టునీ ఇక వాడకండి, క్యాంపు బాస్‌కి చెప్పి సాకెట్టు మార్పించండి, ఎందుకంటే ఒకసారి లోపలి రేకులు సాగిపోతే మంచి ప్లగ్గు పెట్టినా వేడెక్కుతుంది.

వోల్టేజీ అక్కడా మనదీ దాదాపు ఒకటే, కాబట్టి మీ చార్జర్లు పనికొస్తాయి. పిన్ను మార్చే త్రీ పిన్ అడాప్టర్, లోపల ఫ్యూజు ఉన్నది కొనుక్కోండి, లేదా త్రీ పిన్ చార్జరే అక్కడ కొనండి. బ్రిటన్ పద్ధతి ప్లగ్గులోనే ఫ్యూజు ఉంటుంది, ఏదైనా షార్ట్ అయితే అది తెగిపోయి వైరుని కాపాడుతుంది. పెన్ను పెట్టి గుచ్చిన టూ పిన్‌కి ఆ రక్షణ లేదు.

ఎక్స్‌టెన్షన్ బాక్స్ గురించి లెక్క చెప్తాను విను. 13 ఆంపియర్ల బాక్స్ అయితే 3000 వాట్ల దాకా మోస్తుంది, అది కూడా మంచి సరుకైతే. ఫోను చార్జర్ ఒక్కోటి 10 నుంచి 30 వాట్లు, ఎనిమిది ఫోన్లు కలిపినా దానికి లెక్కలోకి రాదు. కెటిల్ ఒక్కటే 1500 నుంచి 2000 లాగుతుంది, కుక్కర్ ఇంకో 700. ఎవరైనా ఇస్త్రీ పెట్టె కూడా పెట్టారంటే దాటిపోయింది. కాబట్టి వంట సామాను గోడ సాకెట్టుకి నేరుగా పెట్టండి, బాక్స్‌ని ఫోన్లకు మాత్రమే ఉంచండి, బాక్స్‌కి ఇంకో బాక్స్ తగిలించకండి.

డ్యూటీ దిగి వచ్చి ఇంటికి ఫోను చేసి, మాట్లాడుతూనే నిద్రపోయి, ఫోను దిండు కిందే చార్జింగ్‌లో ఉండిపోవడం క్యాంపుల్లో రోజూ జరిగేదే. పిల్లల గొంతు వింటూ పడుకోవాలనిపిస్తుంది, నాకు తెలుసు. కానీ దిండు కింద వేడి బయటికి పోదు, మంచం మీద మంచం ఉన్న రూములో దుప్పటి అంటుకుంటే పైవాడు దిగడానికి కూడా టైముండదు. మంచం పక్కన ఒక డబ్బా మీద పెట్టుకో.

ప్రశ్న: మాస్టర్స్ కోసం జర్మనీ వెళ్తున్నా. 20,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంక్ ఉంది. చెక్ ఇన్ బ్యాగులో వేయొచ్చా? అక్కడ ల్యాప్‌టాప్ చార్జర్ కొత్తది కొనాలా?
విద్యార్థిని, విజయవాడ

జవాబు: పవర్ బ్యాంక్ చెక్ ఇన్‌లో అస్సలు వేయకూడదమ్మా, చేతిసంచిలోనే. విమానాలకు లెక్క ఎంఏహెచ్‌లో కాదు, వాట్ అవర్లలో. 20,000ని లోపలి బ్యాటరీ వోల్టేజీ 3.7తో గుణించి 1000తో భాగిస్తే 74 వాట్ అవర్లు వస్తుంది. 100 లోపు ఉంటే అనుమతి అక్కర్లేదు, 100 నుంచి 160 వరకు ఎయిర్‌లైన్ ఒప్పుకోవాలి, 160 దాటితే తీసుకెళ్లనివ్వరు. నీది పరవాలేదు. కానీ అంకెలు చెరిగిపోయిన పవర్ బ్యాంకుని సెక్యూరిటీ దగ్గర తీసేసుకునే అవకాశం ఉంది, ఉబ్బినదైతే నువ్వే తీసుకెళ్లకు.

2025 జనవరి 28న దక్షిణ కొరియాలోని బుసాన్‌లో బయల్దేరబోతున్న ఎయిర్ బుసాన్ విమానం తగలబడింది. అందరూ దిగిపోగలిగారు. పైన సామాను అరలో మొదలైన ఆ మంట పవర్ బ్యాంకు వల్ల వచ్చి ఉండొచ్చని అక్కడి దర్యాప్తు చెప్పింది. ఆ తర్వాత చాలా ఎయిర్‌లైన్లు కట్టుదిట్టం చేశాయి. సింగపూర్ ఎయిర్‌లైన్స్ 2025 ఏప్రిల్ 1 నుంచి విమానంలో పవర్ బ్యాంకు వాడనివ్వడం లేదు. ఎమిరేట్స్ అదే ఏడాది అక్టోబర్ 1 నుంచి మనిషికి ఒక్కటే అంది, దాన్నీ లోపల వాడకూడదు, పైన అరలో పెట్టకూడదు. నీ టికెట్ ఏ కంపెనీదో వాళ్ల రూలు చూసుకో. ఎక్కేముందే ఫోను నిండా చార్జ్ చేసుకో. ఫోను సీటు సందులో పడితే సీటుని ముందుకీ వెనక్కీ జరపకు, నలిగితే బ్యాటరీ అంటుకుంటుంది, సిబ్బందిని పిలువు.

ల్యాప్‌టాప్ చార్జర్ కొత్తది వద్దు. నల్ల ఇటుక లాంటి దాని మీద 100-240 ఉంటే, దానికీ గోడకీ మధ్య ఉన్న తీగ ఊడొస్తుంది కదా, అక్కడి పిన్ను ఉన్న ఆ తీగ ఒక్కటే కొనుక్కుంటే చాలు. అడాప్టర్ కంటే గట్టిగా కూర్చుంటుంది, ఎర్త్ కూడా సరిగ్గా అందుతుంది. ఫోను టూ పిన్ చార్జర్లు చాలావరకు జర్మనీ సాకెట్టులో నేరుగా పడతాయి, అక్కడా 230 వోల్టులే. ఇంకో మాట, చలికాలం బయట సున్నా కంటే తక్కువలో తిరిగొచ్చి చల్లటి ఫోనుని వెంటనే చార్జింగ్‌కి పెట్టకు. సున్నా కింద చార్జ్ చేస్తే లిథియం బ్యాటరీ లోపల శాశ్వతంగా దెబ్బతింటుంది. అరగంట గదిలో ఉంచి పెట్టు.

ప్రశ్న: ఎయిర్‌పోర్టులో యూఎస్‌బీ పాయింటుకి ఫోను పెడితే బ్యాంకు డబ్బులు పోతాయని వాట్సాప్‌లో వచ్చింది. నిజమా?
కర్నూలు నుంచి ఒక పాఠకుడు

జవాబు: యూఎస్‌బీ తీగలో కరెంటుతో పాటు సమాచారం కూడా ప్రయాణిస్తుంది కాబట్టి అలాంటి మోసానికి వీలుంది. మన రిజర్వ్ బ్యాంకు 2022లో వేసిన ఆర్థిక మోసాల పుస్తకంలో హెచ్చరించింది, 2023 ఏప్రిల్‌లో అమెరికా ఎఫ్‌బీఐ డెన్వర్ ఆఫీసు కూడా చెప్పింది. అలాగని టెన్షన్ పడకండి, ఓటీపీ అడిగే దొంగ ఫోన్లతో పోలిస్తే ఇది చిన్న ముప్పు. మీ చార్జర్‌నే గోడ సాకెట్టుకి పెట్టుకుంటే ఆ సమస్యే రాదు. తప్పక యూఎస్‌బీకి పెట్టాల్సివస్తే, ఈ పరికరాన్ని నమ్ముతారా అని ఫోను అడిగినప్పుడు వద్దు అనండి.

ప్రశ్న: మా అబ్బాయి అమెరికా నుంచి హెయిర్ డ్రైయరు, కరెంటు కుక్కరు, ఆరు పాయింట్ల స్పైక్ బస్టరు పంపాడు. అడాప్టర్ పెట్టి వాడుకోవచ్చా?
ఒక అమ్మమ్మ, రాజమహేంద్రవరం

జవాబు: వద్దమ్మా, మూడూ వద్దు. పైన పక్కింటావిడ భయపడింది సరిగ్గా ఇక్కడ నిజమవుతుంది. 120 వోల్టుల వస్తువుకి 230 ఇస్తే వేడిచేసే కాయిల్ దాదాపు నాలుగింతలు లాగుతుంది, క్షణాల్లో మాడిపోతుంది. కొన్ని హెయిర్ డ్రైయర్లకు వోల్టేజీ మార్చే చిన్న మీట ఉంటుంది, అది ఉంటే 230 వైపు తిప్పి వాడొచ్చు. కుక్కరుని తగినంత సామర్థ్యం ఉన్న స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్‌తో నడపొచ్చు గానీ ఆ ఖర్చుకి ఇక్కడే కొత్తది వస్తుంది.

అన్నిటికంటే నాకు భయం ఆ స్పైక్ బస్టరు. ఉత్త బాక్సే కదా అనిపిస్తుంది. లోపల, వోల్టేజీ పెరిగితే అడ్డుకోవడానికి ఒక చిన్న బిళ్ల ఉంటుంది, అది 120 వోల్టుల ఇంటి కోసం పెట్టినది. మన 230 దానికి ఆగకుండా పిడుగు పడుతున్నట్టే లెక్క. వేడెక్కి పొగ వస్తుంది, అంటుకోవచ్చు కూడా. ఇప్పటికే వాడుతుంటే ఈ లైను చదివిన వెంటనే తీసేయండి. అబ్బాయి పంపిన ఫోను చార్జర్లు మాత్రం, 100-240 ఉంటే, హాయిగా వాడుకోండి.

ప్రశ్న: ఆఫీసు పని మీద రెండు వారాలు టోక్యో, ఒసాకా. అమెరికా అడాప్టర్ ఉంది, సరిపోతుందా?
సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, గచ్చిబౌలి

జవాబు: ఫోనుకి సరిపోతుంది. జపాన్‌లో 100 వోల్టులు, టోక్యోలో 50 హెర్ట్జ్, ఒసాకాలో 60, మీ చార్జర్ రెండూ తట్టుకుంటుంది. అమెరికాలోలాగే రెండు బద్దల పిన్నులు. కానీ జపాన్ సాకెట్లు చాలావాటికి మూడో బొక్క ఉండదు, అమెరికా పద్ధతి త్రీ పిన్ ల్యాప్‌టాప్ తీగ వాటిలో దూరదు. బయల్దేరే ముందు ఆ తీగ చివర చూసుకోండి, మూడు పిన్నులుంటే జపాన్‌కి పనికొచ్చే రెండు పిన్నుల తీగ ఒకటి కొని పెట్టుకోండి.